రెండో గ్లాసు ఎక్కడికి పోయింది?

మా వైపు పల్లెల్లో టీ కొట్టు చూరు కింద ఒకప్పుడు రెండు వరసల గ్లాసులు ఉండేవి. లోపల బల్ల మీద కొన్ని, బయట గోడ మీద బోర్లించి మరికొన్ని. మాలపల్లె నుంచి, మాదిగ గూడెం నుంచి వచ్చినవాళ్లు ఆ బయటి గ్లాసు తీసుకుని, టీ పోయించుకుని, తాగి, తామే కడిగి, తీసినచోట బోర్లించి పోవాలి. 'రెండు గ్లాసుల పద్ధతి' అని పత్రికల్లో రాసేవాళ్లం. కొన్నిచోట్ల కేసులు పడ్డాయి, కొన్నిచోట్ల తహసీల్దారు వచ్చి గ్లాసులు తీయించాడు. కొన్నేళ్లకు అదే దారిన పోతూ ఒక కొట్టు దగ్గర ఆగాను. బల్ల మీద కూర్చున్నవాళ్లకు గాజు గ్లాసు, నిలబడ్డవాళ్లకు కాగితం కప్పు. ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో ఎక్కడా బోర్డు లేదు. ఊళ్లో అందరికీ తెలుసు. కొట్టాయన్ని అడిగితే, "తొందరలో ఉన్నవాళ్లకి కప్పండీ, కడిగే పని ఉండదు" అన్నాడు. నిలబడ్డవాళ్లెవరికీ పెద్దగా తొందర ఉన్నట్టు కనబడలేదు.

గ్లాసు చట్టానికి దొరికింది. కప్పు దొరకలేదు.

కుల వివక్ష, చట్టం అన్న మాటలు కలిసి వినబడగానే మన దగ్గర రెండు వాదనలు లేస్తాయి. చట్టాలతో మనసులు మారతాయా అని ఒకరు పెదవి విరుస్తారు. చట్టం ఇంకా గట్టిగా ఉండాలని ఇంకొకరు బల్ల గుద్దుతారు. నాకు ఈ రెండూ అసలు చిక్కుముడిని తాకవనిపిస్తుంది. మనసులో ఏముందో చట్టం చూడలేదు, దానికి కనబడేది చేసిన పని ఒక్కటే. ఆ పని వెనక కులం ఉందని ఎవరు రుజువు చేయాలి? దెబ్బ తిన్నవాడా, కొట్టినవాడా, కాగితం రాసుకునే అధికారా? డెబ్బై ఏళ్లుగా ఈ చట్టాల కథంతా ఆ బరువును ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికి మార్చడమే.

మొదటి నుంచి చూద్దాం. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది, దాన్ని ఏ రూపంలో పాటించినా నేరమంది. అంటరానితనం అంటే ఏమిటో మాత్రం నిర్వచించలేదు. నిర్వచనం లేకపోతే ఎట్లా అని రాజ్యాంగ సభలోనే ప్రశ్న వచ్చింది. అయినా అట్లాగే వదిలేశారు. నా లెక్కలో అది మంచిదే అయింది. నిర్వచనం రాసి ఉంటే అందులో గ్లాసు ఉండేది, కాగితం కప్పు ఉండేది కాదు. ఇంకో విశేషం కూడా ఉంది. ప్రాథమిక హక్కుల్లో చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. 17వ అధికరణ అట్లా కాదు, నేరుగా ఊరినీ, కొట్టునూ, బావినీ పట్టుకుంటుంది. పక్కింటాయన మీద కూడా పనిచేసే హక్కు అది.

దాని కింద 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. గుడిలోకి రానివ్వకపోవడం, బావి దగ్గర అడ్డుకోవడం, హోటల్లో వేరే పాత్రలు పెట్టడం లాంటివన్నీ నేరాలు. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదంటే 500 రూపాయల దాకా జరిమానా. జరిమానాతో సరిపెట్టే వీలున్నప్పుడు జైలు దాకా ఎవరు పంపుతారు? 1976లో ఆ చట్టానికే 'పౌర హక్కుల పరిరక్షణ చట్టం' అని పేరు మార్చి, జైలూ జరిమానా రెండూ తప్పనిసరి చేశారు. కనీసం ఒక నెల జైలు.

ఆ చట్టంలో 12వ సెక్షన్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చట్టంలో చెప్పిన పని ఏదైనా షెడ్యూల్డు కులాల వ్యక్తి పట్ల జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించుకునే బాధ్యత ముద్దాయిదే. అంటే బావి దగ్గర ఆపినవాడు 'నేను కులం చూసి ఆపలేదు' అని నోటిమాటగా అంటే చాలదు, చూపించాలి. బరువు మొదటిసారి ఇటు నుంచి అటు జరిగింది అక్కడే. కర్ణాటకలో ఒక ఊళ్లో కొత్తగా వేసిన బోరు దగ్గర దళితుల్ని తుపాకీ చూపి నీళ్లు పట్టుకోనివ్వని కేసు ఒకటుంది. హైకోర్టు కొట్టేసింది. 1992లో సుప్రీంకోర్టు ఆ కొట్టివేతను తప్పుబట్టి శిక్ష నిలబెట్టింది. తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి ఆ తీర్పుకు అంటరానితనం గురించి విడిగా ఇంకో తీర్పు జోడించి రాశారు.

అయితే ఈ చట్టం ఊహించుకున్న నేరస్తుడు దూరం పెట్టేవాడు. ముట్టుకోనివాడు, రానివ్వనివాడు. 1960లు, 70లు, 80లు గడిచేసరికి ఊళ్ల సంగతి మారింది. దళితపల్లెల్లో పిల్లలు చదువుకున్నారు, కొందరికి ఉద్యోగాలొచ్చాయి, కూలి రేటు అడగడం మొదలైంది. దూరం పెట్టడం చాలనప్పుడు మీదికొచ్చి కొట్టడం మొదలైంది. తమిళనాడు కీలవెణ్మణిలో 1968 డిసెంబరు 25 రాత్రి 44 మందిని గుడిసెలో తగలబెట్టారు. మన దగ్గర కారంచేడు.

కారంచేడు కథ నీళ్ల దగ్గర మొదలైంది. 1985 జులైలో దళితులు తాగే నీళ్ల చెరువు గట్టున గేదెకు కుడితి పెట్టి, ఆ బకెట్టు కడిగిన మురికి చెరువులోకి పోవడాన్ని ఒక దళిత కుర్రాడు అడ్డుకున్నాడు. అతన్ని కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. ఆ ఎత్తిన బిందె ఊరు భరించలేకపోయింది. 17వ తేదీ పొద్దున గుంపుగా మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల చేరారు. అక్కడి శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు పేర్లు అప్పుడే ఊరూరా వినబడ్డాయి. 1955 చట్టాన్ని ఈ కేసు ముందు పెట్టి చూడండి. పల్లె మీద పడి నరికిన గుంపుకి ఏ సెక్షన్ వేస్తారు? వేరే గ్లాసు పెట్టినందుకున్న సెక్షనా? మామూలు హత్య సెక్షన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అవి హత్యను చూస్తాయి, పల్లెను చూడవు. పేకాటలో జరిగిన హత్యా, ఇదీ వాటికి ఒకటే.

1989లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేయడం వెనక కారంచేడు ఉంది, కీలవెణ్మణి ఉంది, ఉత్తరాదిన పేరు చెబితే ఒళ్లు జలదరించే ఊళ్లూ ఉన్నాయి. 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన ఊళ్లలో 'అట్రాసిటీ కేసు' అంటే ఇదే.

ఈ చట్టం మూడో సెక్షన్ ఎప్పుడైనా తీరిగ్గా చదవండి. చట్టం చదువుతున్నట్టుండదు, ఊరి చరిత్ర చదువుతున్నట్టుంటుంది. తినకూడనిది తినిపించడం. ఇంటి ముందు చచ్చిన పశువునో మలాన్నో పారేయడం. బట్టలూడదీసి ఊరేగించడం. సాగు చేసుకుంటున్న భూమి లాక్కోవడం. తాగే నీళ్లు పాడుచేయడం. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి మరికొన్ని కలిపారు. గుండు గీయడం, మీసం తీయడం, మెడలో చెప్పుల దండ వేయడం. దారిలో సైకిలు, మోటారు సైకిలు ఎక్కనివ్వకపోవడం, చెప్పులు గానీ కొత్త బట్టలు గానీ వేసుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు తీయనివ్వకపోవడం, పెళ్లికొడుకును గుర్రం ఎక్కనివ్వకపోవడం. దేశపు శాసనంలో కొత్త బట్టల ప్రస్తావన ఉందంటే బయటి దేశంవాడు నమ్మడేమో. మనకు ఆశ్చర్యం లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటిన తాతల కథలు మన ఇళ్లలోనే ఉన్నాయి. కొందరిళ్లలో దాటినవాళ్లుగా, కొందరిళ్లలో దాటించినవాళ్లుగా.

ఇంత వివరంగా ఎందుకు రాశారు? 'అవమానించడం నేరం' అని ఒక్క ముక్క రాస్తే పోదా? పోదు. అట్లా రాస్తే ఏది అవమానమో స్టేషన్లో ఎస్సై తేల్చాలి, కోర్టులో జడ్జి తేల్చాలి. 'గుర్రం దిగమన్నారు, అంతే కదా, దీనికి అవమానమేంటి' అనే అవకాశం వాళ్లకుంటుంది. పనిని పేరు పెట్టి రాస్తే ఆ అవకాశం పోతుంది. కానీ నష్టం కూడా ఉంది. జాబితాలో లేనిది నేరం కాకుండా పోతుంది. అప్పుడు ఊరు ఒక మెట్టు పక్కకు జరుగుతుంది, కాగితం కప్పు లాగా.

ఇక అసలు ముడి దగ్గరికొద్దాం. ఈ చట్టంలో పదేళ్లు, అంతకు మించి శిక్షపడే పెద్ద నేరాలకు ఒక నిబంధన ఉంది. హత్య, అత్యాచారం వంటిది ఎస్సీ, ఎస్టీ వ్యక్తి మీద జరిగితే జీవిత ఖైదు. 1989లో దాన్ని రాసినప్పుడు ఒక షరతు పెట్టారు. బాధితుడు ఆ కులస్తుడు 'అన్న కారణంగా' నేరం జరిగి ఉండాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కోర్టుల్లో మాత్రం ఈ చట్టం కాళ్లు విరగ్గొట్టింది ఆ ఒక్క మాటే. కారణం ముద్దాయి మనసులో ఉంటుంది. పొలం గట్టు తగాదా, పాత కక్ష, మాటా మాటా పెరగడం అని ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. మహారాష్ట్ర ఖైర్లాంజీలో 2006 సెప్టెంబరు 29న ఒక దళిత కుటుంబంలో తల్లినీ ముగ్గురు పిల్లల్నీ ఊరంతా చూస్తుండగా చంపారు. కోర్టులు శిక్షలు వేశాయి, కులం వల్ల జరిగిందని మాత్రం ఒప్పుకోలేదు. అట్రాసిటీ చట్టం కింద శిక్ష పడలేదు.

మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఇంకొకటి చెప్పాలి. 2011లో చూపు లేని ఒక దళిత యువతి మీద తెలిసినవాడే అత్యాచారం చేశాడు. 2021 ఏప్రిల్లో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం తీర్పిచ్చింది. ఆడది కావడం, చూపు లేకపోవడం, దళితురాలు కావడం మూడూ ఒకే మనిషి మీద ఎట్లా కలిసి పనిచేస్తాయో అందులో వివరంగా రాశారు. 'కారణంగా' అంటే 'అదొక్కటే కారణం' అని కాదన్నారు. అన్నీ అని, అత్యాచారానికి వేసిన జీవిత ఖైదును ఖాయం చేసి, అట్రాసిటీ శిక్షను మాత్రం కొట్టేశారు. నేరం జరిగిన నాటి చట్టంలో కారణం రుజువు చేయాలి, ఈ కేసులో ఆ సాక్ష్యం లేదు. ముద్దాయికి శిక్ష తగ్గలేదు కాబట్టి నష్టమేముందని అడగొచ్చు. తీర్పు చదివితే న్యాయమూర్తులకు అంతా తెలిసినట్టే ఉంటుంది. తెలిసినా కాగితం మీద పెట్టలేకపోయారు.

2016లో ఆ మాట మార్చారు. ఇప్పుడు 'ఆ కులస్తుడని తెలిసి' నేరం చేస్తే చాలు. ఇంకో మెట్టు కూడా ఎక్కారు. బాధితుడు గానీ అతని కుటుంబం గానీ ముద్దాయికి ముందే తెలిసినవాళ్లయితే, కులం కూడా తెలుసనే కోర్టు అనుకోవాలి. తెలియదని ముద్దాయే నిరూపించుకోవాలి. పల్లెటూళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదు చెప్పండి? ఊళ్లో అడుగుపెట్టిన అరగంటలో ఇంటిపేరు అడిగి తేల్చేసుకునే జనం మనం. 'ఎందుకు చేశావు' నుంచి 'ఎవరో తెలిసే చేశావా' దాకా రావడానికి చట్టానికి పాతికేళ్లకు పైగా పట్టింది. చూడ్డానికి ఒక్క మాట మార్పు.

తిట్టిన కేసుల్లో ఇంకో ముడి ఉంది. కులం పేరుతో దూషణ 'నలుగురి కళ్ల ముందు' జరిగి ఉండాలి. 2008లో సుప్రీంకోర్టు దీన్ని విప్పి చెప్పింది. సొంత ఇంటి ప్రహరీ లోపలైనా దారిన పోయేవాళ్లకు కనబడి వినబడితే అది నలుగురి ముందే. నాలుగు గోడల మధ్య, బంధువులో స్నేహితులో తప్ప బయటివారెవరూ లేనప్పుడైతే కాదు. 2020లో ఉత్తరాఖండ్ కేసులోనూ ఇదే పాటించి అట్రాసిటీ అభియోగం కొట్టేశారు. పుస్తకంలో చదివితే సబబే. ఊళ్లో నిలబెట్టి చూడండి. పొద్దున్నే బోరింగు దగ్గరుండేది ఎవరు? ఇటు మనవాళ్లు, అటు వాళ్లవాళ్లు. మనవాళ్లు చెబితే బంధువుల సాక్ష్యమంటారు. అటువాళ్లు మన వైపు ఎందుకు చెబుతారు?

బరువు చివరికి చేరేది స్టేషన్ బల్ల దగ్గరికి. నేను విలేకరిగా ఉన్న రోజుల్లో, సవరణ వచ్చిన తర్వాతి మాట ఇది. కోస్తాలో ఒక ఊరు, పేరెందుకు. బోరింగు దగ్గర బిందె వరసలో ముందు పెట్టిందని ఒక కూలి మనిషిని కులం పేరుతో బూతులు తిట్టి, బిందె కాలితో తన్నారు. సొట్టపడ్డ ఆ బిందె చంకన పెట్టుకునే స్టేషన్‌కొచ్చింది. ఎస్సై మంచిగానే మాట్లాడాడు. "అమ్మా, కులం మాట రాస్తే డీఎస్పీ గారు రావాలి, కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాలి. మామూలు గొడవగా రాసుకుంటే రేపే వాళ్లని పిలిచి గడ్డి పెడతా. ఆలోచించుకో." స్టేషన్ రైటరు ఫిర్యాదు రాశాడు. నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి తోసుకున్నారని ఉంది అందులో. ఆమె వేలిముద్ర వేయబోయింది. డిగ్రీ చదివే కొడుకు కాగితం అందుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. "సార్, అమ్మ చెప్పిన మాట ఇందులో లేదు సార్" అన్నాడు. "ఏ మాట?" "ఆ మాటే సార్." గదిలో అందరికీ ఏ మాటో తెలుసు. ఎవరూ పైకి అనలేదు. చివరికి ఆమే అంది, వాళ్లు తిట్టింది తిట్టినట్టు, స్టేషన్లో నిలబడి, తన నోటితో. రైటరు మళ్లీ రాశాడు.

చట్టం నాలుగో సెక్షన్ గురించి ఆ రోజే నాకు కాస్త తెలిసొచ్చింది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, సంతకం పెట్టించే ముందు చదివి వినిపించాలి. ఎఫ్ఐఆర్ కట్టాలి, కాపీ చేతికివ్వాలి, సరైన సెక్షన్లు వేయాలి. ఇవన్నీ అధికారి విధులని పేరు పేరునా రాశారు. కావాలని ఎగ్గొడితే అధికారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తక్కువ కాని అధికారి చేయాలి. ముద్దాయికి ముందస్తు బెయిలు లేదు. హత్య కేసుల్లో కుటుంబానికి 8.25 లక్షల సాయం, సగం పోస్టుమార్టం అయ్యాక, సగం చార్జిషీటు కోర్టుకు చేరాక. చార్జిషీటు వేసిన రెండు నెలల్లో ప్రత్యేక కోర్టు విచారణ ముగించాలి. కలెక్టరు మూడు నెలలకోసారి, ముఖ్యమంత్రి ఏడాదికి రెండుసార్లు సమీక్ష చేయాలి. కాగితం మీద ఇంతకంటే గట్టి చట్టం దేశంలో తక్కువ. పౌర హక్కుల దినమని నెలాఖరున ఊళ్లో షామియానా వేసి ఇవన్నీ మైకులో చదువుతారు కూడా. నేను వెళ్లిన ఒకదానిలో వినడానికొచ్చినవాళ్లంతా దళితపల్లెవాళ్లే. వినాల్సిన మిగతా ఊరు ఆ పూట పొలం పనుల్లో ఉంది.

వీటిలో చాలావరకు తర్వాత చేర్చినవి. చట్టం కొత్తగా వచ్చినప్పుడు చుండూరులో ఏం జరిగింది?

1991 ఆగస్టు 6. అప్పటికి చట్టం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని వ్యక్తికి తగిలిందన్న దగ్గర రాజుకుని, దళితులకు పనులు బందు చేసి వెలేసే దాకా పోయింది. ఊళ్లో పోలీసు పికెట్ కూడా ఉంది. అయినా పట్టపగలు వెంటాడి ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బాధితులు పట్టుబట్టింది ఒక్కటే. కోర్టు మా ఊరు రావాలి, మేం దాని దగ్గరికి పోలేం. ఏళ్ల తరబడి కొట్లాడితే, నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2004లో విచారణ మొదలైంది. 2007 జులై 31న తీర్పు. 21 మందికి జీవిత ఖైదు, 35 మందికి ఏడాది జైలు, 123 మంది మీద కేసు కొట్టివేత. పదహారేళ్లకు. రెండు నెలల్లో ముగించాలన్న ఇప్పటి గడువు పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ రద్దు చేసింది. ఎవరు ఎవర్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు చంపారో ప్రాసిక్యూషన్ సందేహం లేకుండా రుజువు చేయలేకపోయిందన్నది సారాంశం. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తీర్పు మీద కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. కాసేపు ఆగి ఆలోచిస్తే ఇక్కడో పెద్ద చిక్కు ఉంది. పొలాల్లో పడి ప్రాణభయంతో పరిగెత్తే మనిషి చేతి గడియారం చూసుకోడు. వెనక వస్తున్న వందమందిలో ఎవరి చేతిలో గొడ్డలుందో, ఎవరి చేతిలో బరిసె ఉందో ఒక్కొక్కర్నీ గుర్తుపెట్టుకోడు. నేర న్యాయం మాత్రం ఒక్కొక్క చేతినీ వేరుగా చూపించమంటుంది. గుంపు చేసిన నేరాన్ని మనిషి మనిషిగా విడగొట్టి రుజువు చేయమంటుంది. ముద్దాయిగా ఎవరున్నా ఆ రక్షణ ఉండాల్సిందే, తప్పుడు కేసులో ఇరుక్కునే దళిత కుర్రాడికి కూడా అది కావాలి. కానీ అట్రాసిటీ అంటేనే గుంపు చేసేది. 1989 చట్టం కులాన్ని గుర్తించింది, ఊరు ఒక్కటై చేసే నేరాన్ని ఎట్లా రుజువు చేయాలో మాత్రం పాత పద్ధతికే వదిలేసింది. కారంచేడు కేసు కూడా సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 అయింది. ఒకరికి జీవిత ఖైదు, మరో 29 మందికి మూడేళ్లు. ఇరవై మూడేళ్లకు. ఆ రెండు ఊళ్లూ ఇప్పుడు ఒకే బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. దాడి చేసేవాడు అగ్రకులస్తుడే కానక్కర్లేదు. అప్పటి శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో 2012 జూన్‌లో మడ్డువలస రిజర్వాయరు కింద భూముల మీద ఐదుగురు దళితుల్ని చంపింది వెనకబడిన కులాల లెక్కలోకి వచ్చేవాళ్లే. చట్టం ఎస్సీ, ఎస్టీ కానివాళ్లందర్నీ ఒకే గాట కడుతుంది. ఆ విషయంలో చట్టం మనకంటే స్పష్టంగా చూసిందంటాను.

'అట్రాసిటీ కేసుల్లో ఎక్కువ దొంగ కేసులే' అన్న మాట మీరూ వినే ఉంటారు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాదాపు ఆ భయంతోనే తీర్పిచ్చింది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ ఉండొచ్చు, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలి, ముందస్తు బెయిలు ఇవ్వొచ్చు. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఉత్తరాదిన పలువురు చనిపోయారు. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ తెచ్చి ఆ షరతులు తొలగించింది. 2019 అక్టోబరులో కోర్టే తన ఆదేశాలు వెనక్కి తీసుకుంది, 2020 ఫిబ్రవరిలో 18ఎ చెల్లుతుందంది.

దొంగ కేసులు అసలు ఉండవని నేననను. వరకట్నం కేసుల్లో ఉన్నట్టే, చెక్ బౌన్సుల్లో ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. భూమి తగాదాల్లో పెద్ద కులాలవాళ్లే తమ పాలేరు చేత ఎదుటివాడి మీద కేసు పెట్టించడం చూశాను. కానీ కొట్టేసిన కేసు వేరు, దొంగ కేసు వేరు. మధ్యలో చాలా జరుగుతుంది. కేసు పెట్టిన రెండో రోజు అటు నుంచి కౌంటర్ కేసు పడుతుంది, దొంగతనమో, ఆడవాళ్ల మీద చెయ్యి వేశాడనో. వాయిదాకు పోతే కూలి పోతుంది. సాక్షి అవతలివాళ్ల పొలం కౌలుకు చేస్తుంటాడు. ఈ నేరాలకు చట్టంలో రాజీ లేదు. కాబట్టి రాజీ ఊళ్లో జరుగుతుంది, కోర్టులో సాక్షి 'నేను చూడలేదండీ' అంటాడు. ఫైలు మీద అది 'నేరం రుజువు కాలేదు' అవుతుంది. ఆ అంకెలు పట్టుకుని మనం దొంగ కేసుల లెక్క తీస్తాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో ఎస్సీల మీద నేరాలు 57,582. కోర్టుల్లో పేరుకుపోయినవి తొంభై శాతానికి పైమాటే.

సాక్షి నిలబడితే ఏమవుతుందో మిర్యాలగూడ చూపించింది. 2018 సెప్టెంబరు 14న ఆస్పత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో బయటికొస్తున్న దళిత యువకుణ్ణి, కులాంతర పెళ్లి చేసుకున్నందుకు సుపారీ ఇచ్చి నరికించారు. ఆస్పత్రి సీసీటీవీలో అంతా రికార్డయింది. కెమెరా కౌలు రైతు కాదు కదా, మాట మార్చలేదు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. ఉరిశిక్షల మీద నా అభిప్రాయం వేరు, దానికిది చోటు కాదు.

చట్టానికి చేతకానిచోటు కూడా చూడాలి. పశ్చిమ గోదావరి గరగపర్రులో 2017లో అంబేద్కర్ విగ్రహం ఎక్కడ పెట్టాలన్న గొడవ ముదిరి, దళితుల్ని పనుల్లోకి పిలవడం మానేశారు. కౌలు భూములు పోయాయి. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 2016 నుంచి నేరమే, కేసు కట్టారు, అరెస్టులూ జరిగాయి. కానీ ఆలోచించండి, ఒక రైతు 'ఈ ఏడు నాకు కూలీలు అక్కర్లేదు, యంత్రంతో కోయిస్తా' అంటే ఏం చేస్తారు? పిలవకపోవడాన్ని సాక్ష్యంగా కోర్టులో ఎట్లా పెడతారు? కొట్టడానికి చెయ్యి కావాలి, చేతికి వేలిముద్రలుంటాయి. వెలివేతకు ఏమీ చేయకుండా ఉండటమే చాలు.

చట్టం గీసుకున్న సొంత గీత ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులాల్లో ఉండగలరు. క్రైస్తవంలోకి మారితే ఆ హోదా పోతుంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. చట్టం రాసి ఉన్న తీరు ప్రకారం ఆ తీర్పును తప్పనడం కష్టం. కానీ కోస్తా పల్లెల్లో ఆదివారం చర్చికి వెళ్లని గూడెం ఎక్కడుంది? తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిట్టడు. ఊరి లెక్కలో మారని కులం చట్టం లెక్కలో మారిపోతోంది. మార్చాల్సింది ఉత్తర్వునా, చట్టాన్నా అని వాదించుకోవచ్చు. నా మటుకు నాకు, రక్షణకు రిజర్వేషన్ గీత అక్కర్లేదనిపిస్తుంది. సీటు విషయం వేరు, దెబ్బ విషయం వేరు.

బోరింగు దగ్గర బిందె తన్నించుకున్న ఆమె కేసు ఏమైందని అడగబోతున్నారు కదా. చార్జిషీటు పడింది. సాయం డబ్బు మొదటి విడత వచ్చింది, రెండోది వచ్చేసరికి చాలా నెలలు పట్టింది. కోర్టులో ఇద్దరు సాక్షుల్లో ఒకరు చూడలేదన్నారు. రెండోది ఆమె చెల్లెలు. కేసు నిలబడలేదు. ఆ తర్వాతి ఎండాకాలం వేరే పని మీద ఆ ఊరు పోతే బోరింగు దగ్గరే కనబడింది. బిందె అదే, సొట్ట తీయించలేదు. వరసలో ముందే ఉంది.

"ఇప్పుడెవరూ ఏమీ అనట్లేదా అమ్మా?" అన్నాను.

"తిట్టడం మానేశారు బాబూ" అంది, బిందె కింద పెట్టి. "మాట్లాడటం కూడా మానేశారు."